వానపాముల ఎరువు: ఊళ్లో నిలిచిపోయేలా ఎలా నేర్పాలి

"మా ఊళ్లో ముప్పై మందికి వానపాముల ఎరువు శిక్షణ పెట్టించాం. అందరూ వచ్చారు, శ్రద్ధగా విన్నారు. మూడు నెలలయ్యాక చూస్తే ఒక్క ఇంట్లోనూ ఎరువు లేదు. ఎక్కడ తప్పు జరిగింది?"

మహిళా సంఘాల్లో పనిచేసే సి.ఆర్.పి.లు (కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లు), గ్రామ సమాఖ్య బాధ్యులు, బడి పంతుళ్లు, సొంతూరికి ఏదైనా మేలు చేయాలని తపించే ఉద్యోగులు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది. ఒక్కొక్కరికి విడిగా జవాబు చెప్పే బదులు మొత్తం పద్ధతిని ఒకచోట రాస్తున్నాను.

తప్పు విన్నవారిది కాదు. పేడ కుప్ప వేసిన నాటి నుంచి ఎరువు జల్లెడ పట్టే నాటికి సుమారు 75 రోజులు పడుతుంది. పేడ వేడెక్కడం, చీమలు పట్టడం, తడి ఆరిపోవడం, కోళ్లు కెలకడం అన్నీ శిక్షకుడు బస్సెక్కి వెళ్లిపోయాకే జరుగుతాయి. అప్పుడు అడగడానికి మనిషి ఉండడు. అందుకే నేను పట్టుబట్టి చెప్పేది ఒక్కటే: ఎరువు తయారీకి ఎన్నాళ్లు పడుతుందో శిక్షణ కూడా అన్నాళ్లు సాగాలి. రెండు రోజులు పొద్దస్తమానం కూర్చోబెట్టే బదులు రెండేసి గంటల చొప్పున ఏడుసార్లు వెళ్లండి. లెక్కకు అవే 14 గంటలు, ఫలితం మాత్రం వేరు.

ఒక బెడ్డుకు (పాములు ఎరువు చేసే మడికి) ఏమేమి కావాలి

- నీళ్లు నిలవని, కాస్త మెరక స్థలం. పన్నెండు అడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు చాలు. పైన చెట్టు నీడ గానీ, తాటాకు లేదా కొబ్బరి మట్టల పందిరి గానీ ఉండాలి.
- పేడ సుమారు 300 కిలోలు. రెండు పశువుల పేడను పక్షం రోజులు పోగేస్తే సమకూరుతుంది.
- పంట వ్యర్థాలు అంతే బరువు: వరిగడ్డి, వేరుశనగ పొట్టు, కలుపు మొక్కలు, రాలిన ఆకులు, అరటి బోదెల ముక్కలు. గట్ల మీది గ్లిరిసిడియా ఆకు దొరికితే మరీ మంచిది. వయ్యారిభామను కూడా వాడవచ్చు, పూత రాకముందే పీకాలి.
- వానపాములు 2 కిలోలు.
- పాత గోనెసంచులు ఏడెనిమిది, పార, గంపలు, పూలమొక్కలకు నీళ్లు పోసే చిల్లుల డబ్బా.
- కోళ్లు రాకుండా పాత చేపల వల లేదా ముళ్లకంప.
- సన్న కన్నాల జల్లెడ, తూకం, ఒక నోటు పుస్తకం.

సిమెంటు తొట్టె అవసరం లేదు. చాలా ఊళ్లలో తొట్టె కట్టాకే శిక్షణ మొదలుపెడతారు. డబ్బంతా ఇటుకలకే పోతుంది, తొట్టె లేని ఇంటివారు "మావల్ల కాదు" అనుకుంటారు. నేల మీద పాత ప్లాస్టిక్ పట్టా పరిచి, చుట్టూ విడి ఇటుకలో రాళ్లో పేర్చి, పది అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు బెడ్డు వేస్తే చాలు. వెడల్పు మూడడుగులు దాటనివ్వకండి. ఏ పక్క నుంచి చేయి చాచినా నడుమకు అందాలి.

వానపాములు కొనేటప్పుడు జాగ్రత్త. మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ, వ్యవసాయ విశ్వవిద్యాలయ క్షేత్రాల్లో గానీ, ఇప్పటికే ఎరువు చేస్తున్న రైతు దగ్గర గానీ అడగండి. కిలోకు సుమారు వెయ్యి పాములు ఉండాలి. కొందరు కిలో పేడలో నాలుగు గుప్పెళ్ల పాములు కలిపి కిలో అని ఇస్తారు. అక్కడే ఒక గుప్పెడు తీసి లెక్కపెట్టి చూడండి. "పాములు మా దగ్గరే కొనండి, ఎరువంతా మేమే తీసుకుంటాం" అని ఊరించేవారి మాట నమ్మి సంఘం పొదుపు సొమ్ము పెట్టవద్దు. పాముల బేరం తెగాక తిరిగి రాని మనుషుల్ని నేను చూశాను. ఆ నష్టం భరించింది కూలి డబ్బులు కూడబెట్టుకున్న ఆడవాళ్లు.

1. ప్రకటన చేయకముందు ఊరు తిరగండి

తెల్లవారుజామున ఊరి మహిళ ఒకరిని వెంటబెట్టుకుని వీధులన్నీ నడవండి. ఎన్ని పశువులున్నాయి, పేడ ఎటు పోతోంది, ఎవరి కుళాయికి రోజూ నీళ్లొస్తాయి, ఎవరి పెరట్లో నీడ ఉంది, ఈ నాలుగూ రాసుకోండి. పేడంతా పిడకలై పొయ్యిలోకి పోతున్న ఇళ్లలో ఎరువు మాట ఎత్తితే, వారి వంటచెరకుకు పోటీ పెట్టినట్టే. అలాంటి ఇళ్లను బలవంతం చేయకండి.

పశువులు బాగా తగ్గిపోయిన ఊరైతే ఈ శిక్షణే వద్దు. వరిగడ్డి పుష్కలంగా ఉంటే పుట్టగొడుగులు, నీటి వసతి ఉంటే కూరగాయల నారు పెంపకం నేర్పవచ్చు. ఏది నప్పుతుందో తేల్చుకోలేకపోతే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ ప్రాంగణంలో 1999 నుంచి నడుస్తున్న గ్రామీణ సాంకేతిక పార్కుకు సంఘం నుంచి నలుగురిని తీసుకువెళ్లండి. తక్కువ ఖర్చు పనులు ఎన్నో అక్కడ కళ్లారా చూడవచ్చు. ఏది ఊరికి పనికొస్తుందో వారే మీకంటే త్వరగా చెబుతారు.

2. పన్నెండు మందికి మించి తీసుకోకండి

ముప్పై మంది చుట్టూ నిలబడితే పేడలో చేయి పెట్టేది నలుగురే. మిగిలినవారు వెనక నుంచి తొంగిచూసి ఇంటికి వెళ్తారు. పన్నెండు మంది చాలు. అంతకంటే ఎక్కువ మంది ముందుకొస్తే రెండో జట్టు చేయండి.

ఇక్కడ ఒక విషయం మీద ఆగి ఆలోచించాలి. ఈ పని అందరికంటే ఎక్కువ అవసరం భూమి లేని, పశువు లేని ఆడవారికి. పేడ ఉన్నది పశువులున్న ఇళ్లలో. అందుకని జంటలు కట్టండి: పేడ, చోటు ఒకరివి, పని మరొకరిది, ఎరువు చెరి సగం. ఇద్దరూ శిక్షణకు రావాలి. ఈ ఒప్పందాన్ని సంఘం తీర్మానాల పుస్తకంలో రాయించి, ఇద్దరి చేతా సంతకమో వేలిముద్రో తీసుకోండి. నోటిమాట మీద వదిలేస్తే ఎరువు నల్లగా తేలిన నాడు "పేడ నాది కదా" అన్న మాట వస్తుంది. పని చేసిన మనిషి నోరు మెదపలేక ఊరుకుంటుంది.

నేర్పే చోటు కూడా అంతే ముఖ్యం. పెద్దింటి వాకిట్లో పెడితే కొన్ని వాడల వాళ్లు గడప దాటి రారు, వచ్చినా అంచున నిలబడతారు. బడి ఆవరణ, సమాఖ్య భవనం పక్క స్థలం, అన్ని వాడలకూ దారి ఉన్న రావిచెట్టు నీడ, ఇలాంటివి వెతకండి.

వేళ మీరు నిర్ణయించకండి, వారిని అడగండి. నాట్లు, పత్తి తీత, మిరప కోత రోజుల్లో మొదలుపెడితే కూలి పోగొట్టుకుని ఎవరూ రారు. నా మటుకు దీపావళి దాటాక మొదలుపెట్టడం బాగా కుదిరింది. ఎండ తగ్గి ఉంటుంది, చలికాలం ముగిసేలోపు మొదటి ఎరువు చేతికొస్తుంది. వేసవిలో తొలిసారి మొదలుపెట్టవద్దు. 35 డిగ్రీలు దాటిన వేడికి వానపాములు తట్టుకోలేవు. రోహిణి కార్తె ఎండల్లో కొత్తవారి చేతిలో అవి బతకడం కష్టం.

3. మొదటి రోజు: కుప్ప వేయడం

ఉపన్యాసం పది నిమిషాలకు మించవద్దు. చెప్పవలసింది ఇంతే: ఇవి పైపైన చెత్త తిని బతికే పాములు, పొలంలో దుక్కిలో కనబడేవి వేరు, అవి మట్టిలో లోతున ఉండేవి. మన దగ్గర ఎరువుకు ఎక్కువగా వాడేవి ఐసీనియా ఫెటిడా, యూడ్రిలస్ యూజీనియే రకాలు. ఈ పేర్లు ఎవరికీ బట్టీ పట్టించకండి. వానకు బయటికొచ్చిన పాముల్ని పొలం నుంచి ఏరుకొచ్చి బెడ్డులో వేస్తే నిలవవని తెలిస్తే చాలు. కొత్తవారు చేసే పొరపాట్లలో ఇది మొదటిది.

వెంటనే పనిలోకి దిగండి. చెత్తను జానెడు ముక్కలుగా నరికించండి. షాంపూ ప్యాకెట్లు, గాజు పెంకులు, ప్లాస్టిక్ తాళ్లు ఏరించండి. అరచేయి మందాన చెత్త, దాని మీద నాలుగు వేళ్ల మందాన పేడ, చిలకరింపుగా నీళ్లు. ఇలా మూడడుగుల ఎత్తు వరకు పొరలు పేర్చి పైన గోనె కప్పించండి. చెత్త మోసేది, నరికేది, పేడ కలిపేది అంతా నేర్చుకునేవారే. మీ చేతులు వెనక్కి కట్టుకోండి. చేసి చూపించాలన్న తొందర శిక్షకులందరికీ ఉంటుంది. మొదటి పొర మీరు వేసి చూపించండి, రెండో పొర నుంచి పక్కకు జరగండి.

కోళ్ల పెంట తాజాగా వేయవద్దు. నిమ్మ, బత్తాయి తొక్కలు, పచ్చళ్లు, ఉప్పు, నూనె కలిసిన వంటింటి మిగుళ్లు, ఎక్కువ మోతాదులో వేపాకు కూడా వద్దు.

పశువులకు నట్టల మందు వేసి మూడు వారాలు దాటని పేడను ముట్టుకోవద్దు. దీన్ని రెండుసార్లు చెప్పండి. ఒక ఊళ్లో నేను ఈ సంగతి అడగడం మరిచాను. పాములు వదిలిన మర్నాడు పొద్దున వెళ్లేసరికి అవి బెడ్డు అంచుల మీదికి పాకి, తెల్లబారి, మెత్తబడి పడి ఉన్నాయి. అంతకు వారం ముందే అక్కడి గేదెలకు మందు వేశారట. పేడలో మిగిలిన మందు వానపాముల్ని కూడా చంపుతుంది. కొన్న పాములన్నీ పోయాయి. అంతకంటే, ఆ ఆడవాళ్ల నమ్మకం తిరిగి తెచ్చుకోవడానికి ఏడాది పట్టింది.

4. ఎనిమిదో రోజు: తిరగేయడం

కుప్ప నడుమకు ఇనుప చువ్వ గుచ్చి అయిదు నిమిషాలుంచి తీయించి, ఒక్కొక్కరి చేత పట్టించండి. కాలుతున్నంత వేడిగా ఉంటుంది. "పచ్చి పేడలో పాములు వేయవద్దు" అన్న మాట ఆ రోజు నుంచి మళ్లీ చెప్పనక్కర్లేదు. కుప్పను పైది కిందికి, కిందిది పైకి తిరగేయించి, ఎండినట్టుంటే నీళ్లు చల్లించండి. చువ్వ చల్లగా వస్తే పేడ తక్కువైందనో, తడి చాలలేదనో అర్థం. నాలుగు గంపల పేడ కలిపి తడపండి.

5. పద్దెనిమిదో రోజు: పది పాముల పరీక్ష

చువ్వ ఇప్పుడు గోరువెచ్చగా కూడా ఉండకూడదు. చెత్త ముదురు గోధుమ రంగుకు తిరిగి, ఘాటు వాసన పోయి ఉండాలి. అయినా నేరుగా పాములు వదలకండి. ఒక కుండపెంకులోనో పాత బకెట్లోనో ఈ చెత్త నింపి, పైన పది పాముల్ని లెక్కపెట్టి వేయించండి. తడిగోనె కప్పి ఒక రాత్రి ఉంచండి. మర్నాడు పదీ లోపలికి దిగి, చురుగ్గా కదులుతుంటే కుప్ప సిద్ధమైనట్టు. గోడలెక్కి పారిపోవాలని చూస్తున్నా, రెండు చచ్చినా ఇంకో వారం ఆగి మళ్లీ పరీక్షించండి. పోయేది పది పాములే, రెండు కిలోలు కాదు.

ఈ పరీక్ష ఒక్కొక్కరు తమ ఇంట్లో విడిగా చేయాలి. అందుకు తలా పది పాములు కొబ్బరి చిప్పలో పెట్టి ఇచ్చి పంపండి. మర్నాడు ఫలితం చెప్పుకుంటూ వచ్చేటప్పుడు వారి ముఖాల్లో కొత్త ధైర్యం కనబడుతుంది.

6. ఇరవయ్యో రోజు: పాములు వదలడం

సాయంత్రం పూట చేయండి. చల్లారిన కుప్పను బెడ్డులా పరిపించి, నీళ్లు చల్లించి, పాముల్ని పైన పలచగా విడిచి ఊరుకోండి. పార పెట్టి కలపవద్దు, గుంత తీసి పూడ్చవద్దు. వెలుతురు పడక అవే అరగంటలో లోపలికి దిగుతాయి. అందరూ చుట్టూ కూర్చుని చూడండి. అరగంట దాటినా పైనే మిగిలినవి జబ్బువో చచ్చినవో, ఏరి పారేయండి. తరువాత తడిగోనె కప్పండి.

7. తడి: ఈ పనికి ప్రాణం

ఏడుసార్ల శిక్షణలో సగం శ్రద్ధ దీని మీద పెట్టమంటాను. "రోజూ తగినన్ని నీళ్లు చల్లండి" అని కరపత్రంలో ఉంటుంది. తగినన్ని అంటే ఎన్ని? చలికాలంలో ఒక లెక్క, ఎండాకాలంలో ఇంకో లెక్క, పందిరి కింద మరో లెక్క. డబ్బాల లెక్క చెప్పి లాభం లేదు. పిడికిలి పరీక్ష నేర్పండి.

పైపైన కాకుండా జానెడు లోతు నుంచి గుప్పెడు తీయాలి. గట్టిగా పిండాలి. వేళ్ల సందుల్లో తడి మెరవాలి, ఒకటి రెండు చుక్కలు జారితే ఫర్వాలేదు. ధారగా కారితే నీళ్లు ఎక్కువైనట్టు. ఆ రోజు, మర్నాడు చల్లవద్దు, గోనె తీసి గాలి తగలనివ్వాలి. పిడికిలి విప్పగానే ముద్ద పొడిగా రాలిపోతే తక్కువైనట్టు. ఒక ఊళ్లో డెబ్బై ఏళ్ల అవ్వ ఈ గుప్పెడు పిండి చూసి "చలిమిడి పాకం" అంది. వేలితో నొక్కితే ఒదగాలి, చేతికి అంటుకోకూడదు, విడిచిపెడితే విరిగిపోకూడదు. నేను అరగంట చెప్పింది ఆమె రెండు మాటల్లో తేల్చింది. అప్పటి నుంచి నేను ఏ ఊరెళ్లినా ఆ మాటే వాడుతున్నాను. మీరూ మీ ఊళ్లో ఎవరి నోట ఇలాంటి మాట వస్తుందో చెవి పెట్టి వినండి. అదే మీ పాఠం.

చదువు రానివారు నేర్చుకోలేరని ఎవరైనా అంటే నమ్మకండి. రాజస్థాన్‌లోని తిలోనియాలో బంకర్ రాయ్ 1972లో మొదలుపెట్టిన బేర్‌ఫుట్ కళాశాలలో అక్షరం రాని నడివయసు ఆడవారు రంగుల గుర్తులతో, సైగలతో సౌరదీపాల తయారీ, మరమ్మతు నేర్చుకున్నారు. ఎరువు పని అంతకంటే తేలిక. కరపత్రం బదులు మూడు చిప్పలు పెట్టండి: ఒకదాంట్లో ఎండినది, ఒకదాంట్లో సరైన తడి ఉన్నది, ఒకదాంట్లో నీరు కారేది. కళ్లు మూసుకుని ముట్టుకుని ఏది ఏదో చెప్పమనండి. అందరూ తప్పులేకుండా చెప్పేవరకు ఆ రోజు ముగించకండి.

8. ఇరవై ఏడో రోజు, నలభై అయిదో రోజు: తనిఖీ

ఈ రెండుసార్లు ఇల్లిల్లూ తిరగండి. ఒక బెడ్డు దగ్గర అందరూ చేరి, ఆ ఇంటామె చెబుతుంటే మిగిలినవారు వినాలి. కనబడే ఇబ్బందులు ఇంచుమించు ఇవే:

చీమలు పట్టాయంటే చాలాసార్లు బెడ్డు ఎండిందని అర్థం. ముందు తడపండి. చుట్టూ బెత్తెడు లోతు కాలువ తీసి నీళ్లు నింపండి, లేదా బెడ్డు బయట బూడిదో వేపపిండో చల్లండి. చీమల మందు పొడి ఎంత మాత్రం వద్దు, అది పాముల్ని కూడా చంపుతుంది.

కుళ్లు కంపు వస్తే నీళ్లు ఎక్కువై గాలి ఆడటం లేదు. ఎండుగడ్డి ముక్కలు కలిపి, పైపైన చేత్తో గుల్ల చేయండి. పార వాడవద్దు, పాములు తెగుతాయి. తెగితే రెండు పాములవుతాయని చాలామంది అనుకుంటారు. అలా కావు.

పాములు గుంపుగా అంచులకు చేరితే లోపల వేడి పుట్టింది. ఎవరో మధ్యలో పచ్చి పేడ వేసి ఉంటారు. మంచి ఉద్దేశంతోనే, "పాపం, తిండి చాలదేమో" అని వేస్తారు. తీసేయించండి.

కోళ్లు, ఎలుకలు, కప్పలు వీటిని ఇష్టంగా తింటాయి. వల కప్పి అంచుల మీద రాళ్లు పెట్టాలి. వల దొరకకపోతే రేగుకంప మేలు.

నలభై అయిదో రోజున గోనె ఎత్తి చూస్తే పైన నల్లని టీ పొడి లాంటి గుళికలు కనబడాలి. పసుపుపచ్చగా, ఆవగింజకు కాస్త పెద్దగా గుడ్లు కూడా ఉంటాయి. ప్రతి ఒక్కరి అరచేతిలో ఒక గుడ్డు పెట్టి చూపించండి. వీటిని చెత్త అనుకుని పారేయకూడదని అప్పుడే తెలుస్తుంది.

9. డెబ్బై అయిదో రోజు: ఎరువు తీయడం

నాలుగైదు రోజుల ముందే నీళ్లు ఆపించండి. పాములు తడి వెతుక్కుంటూ అడుక్కి దిగుతాయి. పై ఎరువును చేత్తో తీసి నీడలో శంఖు ఆకారంలో కుప్పలు పోయించండి. గంట సేపయ్యాక కుప్పల పైభాగాన్ని మళ్లీ తీయండి. మిగిలిన పాములు అడుగున ముద్దగా చేరి ఉంటాయి. ఎండలో ఆరబెట్టవద్దు.

జల్లెడ పట్టాక పైన మిగిలిన ముతక చెత్తలో గుడ్లు, పిల్లలు ఉంటాయి. దాన్ని తిరిగి కొత్త బెడ్డులోకే వేయించండి. కొత్త బెడ్డుకు చల్లారిన కుప్ప ఆ రోజుకే సిద్ధంగా ఉండాలి. అంటే యాభై అయిదో రోజునే రెండో కుప్ప వేయించాలి. దీన్ని మరిచిపోయిన చోట పాములకు తిండి లేక, వాటితో పాటు శిక్షణ కూడా ఆగిపోయింది.

తయారైన ఎరువును ఇలా సరిచూడండి. తొలకరి పడ్డప్పటి మట్టి వాసన రావాలి, పేడ వాసన ఉండకూడదు. చేత్తో నలిపితే గుళికలుగా విడిపోవాలి. అనుమానముంటే సగం మట్టి, సగం ఎరువు కలిపి పది పెసలు వేయండి. వారంలో ఎనిమిదైనా మొలవాలి. మొలకలు మాడితే ఎరువు ఇంకా పచ్చిగా ఉంది, ఇంకో రెండు వారాలు నీడలో ఉంచండి. బయట అమ్మాలనుకుంటే 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోని ప్రమాణాలకు తూగాలి: తేమ 15 నుంచి 25 శాతం, నత్రజని కనీసం 1 శాతం, తొంభై శాతం ఎరువు 4 మిల్లీమీటర్ల జల్లెడ దాటాలి. పేరు ముద్రించిన సంచుల్లో అమ్మే ముందు మండల వ్యవసాయాధికారిని కలిసి అనుమతుల సంగతి అడగండి.

10. లెక్క దాచకుండా చెప్పండి

600 కిలోల పేడ, చెత్త వేస్తే 250 నుంచి 300 కిలోల ఎరువు వస్తుంది. అందరి ముందు తూచి, పుస్తకంలో రాయించండి. రోజుకు అరగంట పని అనుకుంటే బెడ్డు సాగిన సుమారు 55 రోజులకు 27 గంటలకు పైగా, కుప్ప వేయడం, తిరగేయడం, జల్లెడ కలిపితే దాదాపు అయిదు రోజుల కూలి. మీ ఊరి కూలి రేటు పెట్టి గుణించండి. కిలో 10 రూపాయలకు అమ్ముడైతే 300 కిలోలకు 3,000 రూపాయలు. అందులో కూలి తీసేయగా ఏం మిగిలిందో వారి కళ్ల ముందే తేల్చండి. ఒక్క బెడ్డుతో కుటుంబం గడవదు. ఆ మాట మొదటే చెప్పండి.

రసాయన ఎరువులన్నీ మానేయవచ్చని కూడా చెప్పకండి. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20 కిలోల పైచిలుకు ఉంటుంది. మన 300 కిలోల ఎరువులో ఉండేది మూడు, నాలుగు కిలోలే. నేలకు ప్రాణం పోయడంలో, తడి నిలపడంలో వానపాముల ఎరువుది వేరే విలువ. దాన్ని ఎకరం వరిలో చల్లితే కనబడదు. పెరటి కూరగాయలకు, మిరప నారుమడికి, బంతి, మల్లె తోటలకు, చెట్టుకు అయిదు కిలోల చొప్పున మామిడికి వేస్తే తేడా కళ్లకు కనబడుతుంది. మొదటి ఎరువును అమ్మకానికి పెట్టకుండా ప్రతి ఒక్కరి పెరట్లో రెండు వంగ మొక్కలకు వేసి, పక్కనే రెండు మొక్కలు వేయకుండా వదిలిపెట్టమనండి. కొనేవారికి చూపించడానికి అంతకంటే మంచి సాక్ష్యం ఉండదు.

శిక్షణ ఫలించిందని ఎలా తెలుస్తుంది

హాజరు పట్టీ చూడకండి, ఫోటోలు చూడకండి. నూరో రోజున చెప్పకుండా ఊరికి వెళ్లి రెండో బెడ్డు సొంతంగా వేసినవారిని లెక్కపెట్టండి. పన్నెండు మందిలో అయిదుగురు వేస్తే నా దృష్టిలో అది మంచి శిక్షణ. వేయనివారి ఇంటికి కూడా వెళ్లండి. తప్పుపట్టకుండా కారణం అడగండి. "నీళ్లు మోయలేకపోయాను", "గేదెను అమ్మేశాం", "మా ఆయన వద్దన్నాడు" అని చెబుతారు. అవి రాసుకుంటే తర్వాతి ఊళ్లో ఎవరిని, ఎక్కడ, ఏ నెలలో పిలవాలో తెలుస్తుంది.

మొదటి బెడ్డు బాగా సాగితే పాములు రెట్టింపవుతాయి. తీసేటప్పుడు వాటినీ తూచండి. రెండు కిలోలు అదే ఇంట ఉంచి, మిగతావి పక్క వాడలో కొత్తగా మొదలుపెట్టే మహిళకు అప్పుగా ఇప్పించండి. ఆమె తన వంతు ఎరువు తీసిన నాడు రెండు కిలోలు ఇంకొకరికి ఇవ్వాలి. ఎవరు ఎవరికి, ఏ తేదీన, ఎంత తూకం ఇచ్చారో ఆ నోటు పుస్తకంలో రాయించండి. పుస్తకం మీ సంచిలో కాకుండా సంఘం పెట్టెలో ఉండాలి. కొత్తామెకు పిడికిలి పరీక్ష నేర్పేది పాతామే. ఆ రోజు మీరు వెళ్లినా సరే, వెనక వరుసలో కూర్చోండి.